చెట్టు కూలక ముందు



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములు 2016 అక్టోబరులో జిల్లా కేంద్రములయినవి. ఇట్టి యూళ్లలో వీధులు వెడల్పు చేయుటయు, నీటి గొట్టములు వేయుటయు సహజము. ఆ పనులలో మనము చెట్టు కొమ్మలను చూతుము గాని వేళ్లను చూడము. ఆ వేళ్లను గుఱించియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను నివసించు వీధిలో ఒక వేపచెట్టుండెడిది. సాయంకాలము వృద్ధులు దాని క్రింద మంచము వేసికొని కూర్చుండెడివారు. ఒక వేసవిలో దాని మొదటికి రెండడుగుల దూరమున నీటి గొట్టమునకై కందకము త్రవ్విరి. చెట్టు పచ్చగానే యుండెను. మఱుసటి యేటి వానలలో ఒక రాత్రి అది వేళ్లతో సహా కూలెను. మంచము విఱిగెను, దైవవశమున దానిపై నెవ్వరును లేరు. అందఱును గాలిని నిందించిరి. తెల్లవాఱి నేను చూడగా, కందకము వైపు లావు వేళ్లన్నియు ఒక్క వరుసలో తెగియుండెను.

ఇందలి మర్మమేమి? చెట్టు నీరు త్రాగుటకు సన్నని వేళ్లు చాలును. నిలుచుటకు మాత్రము మొదటికి దగ్గఱనున్న లావు వేళ్లు కావలెను. కావున ఆకులు పచ్చగా నున్నంత మాత్రమున చెట్టు దృఢముగా నున్నదనరాదు. వేళ్లు పాతాళమునకు దిగునని మనము తలతుము. కాని యధికభాగము పై మూడడుగుల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి వ్యాపించును.

2024 ఆగస్టు 31వ తేది సాయంకాలము ములుగు జిల్లా తాడ్వాయి, మేడారము అడవిలో పెనుగాలి వీచినది. ఆ సీమ 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలోనిదే. సుమారు 500 ఎకరములలో 50 వేల చెట్లు కూలినట్లు అటవీశాఖవారు అంచనా వేసిరి. అచ్చట కందకము లేదు, గొట్టము లేదు. గాలి యుద్ధృతికి తోడు, వేళ్లు లోతునకు పోక పైపైనే ప్రాకియుండుటయు కారణమని అధికారులు చెప్పిరి. లావు వేళ్లు నిండుగా నున్న అడవిచెట్లకే యిట్టి గతి పట్టగా, వేళ్లు తెగిన వీధిచెట్టు మాట చెప్పనేల?

ఇక గాయముల సంగతి. అమెరికాలో ఆలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువునా కోసి పరీక్షించి, 1977లో తన సిద్ధాంతమును ప్రకటించెను. మన గాయము మానినట్లు చెట్టు గాయము మానదు. చెట్టు క్రుళ్లిన భాగము చుట్టును గోడ కట్టి, వెలుపల క్రొత్త కలపను పెంచుకొనును. కావున కొమ్మను కొట్టునపుడు దాని మొదటనున్న ఉబ్బును వదలి కోయవలెను. మ్రానులోనికి దిగకోసిన ఆ గోడ చెడును. తొఱ్ఱలో సిమెంటు నింపుట వలన బలము రాదు.

తొందరపాటును తగదు. 2021లో తెలంగాణమందంతటను వేపకొమ్మలు బూజు తెగులుచే ఎండినవి. చచ్చినవనుకొన్న చెట్లనేకములు తరువాత మరల చిగిర్చినవి. తొఱ్ఱ యున్నంత మాత్రమున కొట్టివేయనక్కఱ లేదు. వెలుపలి కలప మందముగా, గట్టిగా నున్నచో చెట్టు చాలకాలము నిలుచును.

మృగశిర కార్తెకు ముందు మీ యూరి పెద్దచెట్లను ఒకసారి చుట్టి చూడుడు. మొదటియొద్ద నేల ఒక వైపున పగిలినదా? పైకి లేచినదా? పుట్టగొడుగులు మొలిచినవా? పంగయందు చీలిక గలదా? నిరుడు లేని యొఱగుదల యీ యేడు కనుపించుచున్నదా? ఇందేదైన నున్నచో చెట్టు క్రింద మంచము తీసివేసి, పురపాలక సంఘమువారికిగాని అటవీశాఖవారికిగాని తెలుపుడు. గద్దె కట్టినచో మొదటి చుట్టును మట్టి విడిచిపెట్టుడు.

అన్నిటికన్న ముఖ్యమయినది మఱియొకటి. కందకము త్రవ్వువారు వచ్చిననాడు మీరచ్చట నుండి, గొట్టమును కొంత దూరముగా త్రిప్పుడని అడుగుడు. ఆనాడు మా వీధిలో నేనామాట అడుగలేదు. ఆ చెట్టు నీడ మాకిప్పుడు లేదు.