బడి తలుపులు, తల్లిదండ్రుల తర్జనభర్జనలు

కరోనా మహమ్మారి కారణమున 2020 మార్చిలో మూతపడిన తెలంగాణ పాఠశాలలను మరల తెరువవలెనా, వలదా యను వివాదము ఇంటింటను చిరకాలము సాగినది. ఆ సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ మార్గములలో పాఠములు ప్రసారము చేసిరి. కాని టీవీ లేని యింటను, ఒక్క సెల్‌ఫోనును ముగ్గురు పిల్లలు పంచుకొనవలసిన యింటను ఆ పాఠము ఏపాటి చేరగలదు? పైగా సర్కారు బడి యన్న చదువు మాత్రమే కాదు, మధ్యాహ్న భోజనము కూడ. దాని విలువ కూలికి పోవు తల్లికి తెలిసినట్లు మనవంటివారికి తెలియదు. అయినను, ముసలి అత్తమామలున్న యింటికి బిడ్డ రోగమును మోసికొనివచ్చునేమో యని అదే తల్లి వెనుకాడినచో, ఆ భయమును అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులవారికి, తల్లిదండ్రుల సమ్మతిపత్రముతో, తలుపులు తెరచిరి. మార్చి 24న మరల మూసిరి. సెప్టెంబరు 1న అన్ని తరగతులను తెరువ నిశ్చయింపగా, ముందునాడే రాష్ట్ర హైకోర్టు, విద్యార్థులను బడికి రమ్మని నిర్బంధింపరాదనియు, గురుకులములను అప్పుడే తెరువరాదనియు మధ్యంతరముగా ఆదేశించినది. ఈ భేదము నాకు సమంజసముగనే తోచును: పగటిబడి పిల్లవాడు సాయంకాలమునకు ఇల్లు చేరును, గురుకులమున వందలమంది ఒక్క కప్పుక్రింద నిదురించి, ఒక్క పంక్తిని భుజింతురు. అయితే, ఇంట చదువుకొను వసతి బొత్తిగా లేని పేదబిడ్డలే అచ్చట మిక్కుటముగా నుందురు గనుక, నష్టము తక్కినవారికంటె వారికే అధికమై, అక్టోబరున న్యాయస్థానము అనుమతించువరకు వారి నిరీక్షణము కొనసాగినది.