ఇంటిలో మొక్కలకు రంగుదీపములు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు చదువుల వెలుగు పంచిన గ్రంథాలయము రజతోత్సవమున నన్ను మాటాడుమనుట నా భాగ్యము. నేను పండితుడను కాను. ఈ ఊరిలో పుట్టి, బ్రతుకుతెరువుకై హైదరాబాదు చేరి, మెట్టుగూడలో స్థిరపడినవాడను. కావున పుస్తకములలోని ఒక విషయము నా చేతిపనిగా ఎట్లు మారినదో మాత్రము మనవి చేసెదను.

మెట్టుగూడ నుండి తార్నాక మీదుగా పోయినచో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము వచ్చును. అచట చెట్లకు కొదువ లేదు. మా ఇల్లు మాత్రము ఎత్తైన భవనముల నడుమ, క్రింది అంతస్తులో నున్నది. నాలుగేండ్ల క్రిందట మా అమ్మ ఈ ఊరు విడిచి నా దగ్గరకు వచ్చుచు, మన పెరటిలోని తులసిమొక్కను కుండీలో పెట్టి తెచ్చుకొనినది. రెండు నెలలలో అది వాడి చనిపోయినది. ఆమె నన్ను నిందింపలేదు. “నీ యింట్లో ఎండ పొడ లేదు నాయనా” అని మాత్రము అన్నది. ఆ మాట నన్ను పుస్తకములవైపు నడిపించినది.

మొక్కకు ఎరువే ఆహారమని మనము తలతుము. అది సగము సత్యము. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్లు తెచ్చిన నీటిని కలిపి మొక్క తన ఆహారమును తానే వండుకొనును. ఆ వంటకు నిప్పు వెలుగే. అయితే అన్ని రంగుల వెలుగు ఒకే తీరున పనిచేయదు. 1882లో ఎంగెల్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో ఒక నాచుపోగుపై ఇంద్రధనుస్సు రంగులను ప్రసరింపజేసెను. ప్రాణవాయువును కోరు సూక్ష్మజీవులు ఎరుపు, నీలము పడినచోటనే అధికముగా గుమిగూడినవి. ప్రాణవాయువు విడుదల యగుచున్నది అచటనే గదా! పత్రహరితము ఆ రెండు రంగులను ఎక్కువగా గ్రహించి, ఆకుపచ్చను కొంత తిరుగగొట్టును. ఆకు పచ్చగా కనబడుటకు కారణమిదియే.

పాత తీగదీపము విద్యుత్తులో అధిక భాగమును వేడిగా వృథాచేయును. ఎల్.ఇ.డి. దీపము అట్లు కాదు. కోరిన రంగునే ఇచ్చునట్లు దానిని నిర్మింపవచ్చును. 1962లో హోలోన్యాక్ ఎర్రని దీపమును సాధించెను. ప్రకాశవంతమైన నీలిదీపము 1990ల వరకు రాలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమూరాలకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. ఆ సంవత్సరమే అంతరిక్ష కేంద్రములో ఈ దీపముల క్రింద ఆకుకూర పెంచిరి.

ఇంత చదివి, కోఠి గుజరాతీ గల్లీలో చిన్న దీపములు కొని తెచ్చితిని. 12 వోల్టుల ఎడాప్టరు తీసికొంటిని. ఎర్రదీపమునకు సుమారు 2 వోల్టులు కావలెను. ఐదింటిని వరుసగా కలిపిన 10 అగును. మిగిలిన 2 వోల్టులకు, 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమునకు, 100 ఓముల నిరోధకము సరిపోవును. నీలిదీపమునకు 3.2 వోల్టులు, మూడింటికి 9.6, కావున 120 ఓములు. ఈ లెక్క చేయక తొందరపడి కలిపిన మొదటి వరుస క్షణములో మాడిపోయినది. లెక్క ప్రకారము మరల కట్టితిని. ఎరుపు 30, నీలము 9 చక్కగా వెలిగినవి. మెంతులు చల్లితిని. మొలకలు తెల్లని సన్నని కాడలతో పొడుగుగా సాగి, పదినాళ్లలో నేలకు వాలినవి.

తప్పెచట? రంగులో కాదు, మోతాదులో. ఆ 39 దీపములకు కలిసి చేరిన శక్తి రెండు వాట్లకు లోపే. మన కంటికి మిరుమిట్లు గొలుపు వెలుగు మొక్కకు ఉపవాసమే కావచ్చును. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల వరకు ఉండునని మరువరాదు.

రెండవసారి పెద్ద దీపములు పది తెచ్చితిని: ఎరుపు ఎనిమిది, నీలము రెండు. అవి వేడెక్కును గనుక అల్యూమినియము పలకపై బిగించి, స్థిరమైన ప్రవాహమునిచ్చు డ్రైవరుకు కలిపితిని. ఆ డ్రైవరు ఇంటి విద్యుత్తుకు చేరునది. పిల్లలు దాని జోలికి పోరాదు, తెలిసినవారిచేతనే కలిపించవలెను. దీపములవైపు సూటిగా చూడరాదు. మొక్కలకు జానెడెత్తున వ్రేలాడదీసి దినమునకు 14 గంటలు వెలిగించితిని. మొత్తము 20 వాట్లనుకొన్నను నెలకు సుమారు ఎనిమిదిన్నర యూనిట్లు. ఈమారు మెంతికూర పొట్టిగా, దట్టముగా వచ్చినది.

అమ్మ కొరకు క్రొత్త తులసిని తెచ్చి దాని క్రింద ఉంచితిని. ఆమె చూచి, “ఆకులన్నీ నల్లగా కనబడుచున్నవి. బ్రతికియున్నదో లేదో తెలియని తులసికి నేనెట్లు దండము పెట్టుదును?” అన్నది. మొదట నవ్వితిని, పిదప ఆలోచించితిని. ఊదారంగు వెలుగులో ఆకు పండుబారుట, పురుగుపట్టుట మనకంట పడవు. పైగా ఆకుపచ్చ వెలుగు వృథా కాదనియు, అది ఆకు లోపలి పొరలకు చొచ్చుకొనిపోయి పనిచేయుననియు పిమ్మట చదివితిని. రెండు ఎర్రదీపములు తీసి తెల్లవి బిగించితిని. ఇప్పటికి మూడేండ్లుగా ఆ తులసి జీవించియున్నది. మన పెరటి తులసియంత గుబురు కాదు, ఆకులు చిన్నవి. అయినను అమ్మ ప్రతి ఉదయము దానికి నీరు పోయుచున్నది.

ఈ దీపములతో వరి పండింపజాలము. ఎండ గల ఊరిలో వీనితో పనియే లేదని మీరనవచ్చును, నిజమే. అయినను నేను దీనిని చెప్పుటకు కారణము వేరు. 1906లో హైదరాబాదులో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రములను తెలుగులో అందింప పూనుకొన్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో శాస్త్రబోధ సాగించినది. మన భాషలలో శాస్త్రము నిలువగలదని వారు చూపిరి. దానిని చేతలలో పెట్టుట మన వంతు.

అందుచే నాదొక ప్రార్థన. మన గ్రంథాలయములో ఒక బల్లపై మూడు కుండీలుంచుడు. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి ఎర్రదీపము క్రింద, ఒకటి ఎరుపు నీలముల క్రింద. పిల్లలు దినదినము కాడ పొడవు కొలిచి, ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆ దీపములను నేను తెచ్చి బిగించెదను. మొలకలు వాలిపోయినను ఆ సంగతియు వ్రాయవలెను. నాకు పాఠము చెప్పినవి వాలిపోయిన మొలకలే గదా!