సంతకం పెట్టేముందు చదివించుకుందాం

(గూడెంలో జరిగిన నెలవారీ పుస్తక సమావేశంలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



ముందు ఈ నెల లెక్క చూసుకుందాం. అంబేడ్కర్ గారి 'కుల నిర్మూలన' మూడు ప్రతులు తెచ్చుకున్నాం. ఇంటికి పట్టుకెళ్ళి చివరిదాకా చదివింది నలుగురే. ఆ నలుగురూ కాలేజీ గడప తొక్కినవాళ్ళే. కానీ శనివారం రాత్రుళ్ళు చర్చి అరుగు మీద గట్టిగా చదువుతుంటే విన్నవాళ్ళు ముప్పై మందికి తగ్గలేదు. అందులో సగం మంది కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు. కాబట్టి రిజిస్టర్లో నలుగురు చదివారని రాయొద్దు, ముప్పై మందిమి చదివామని రాయండి. మన తాతలు జాంబపురాణం విని నేర్చుకున్నవాళ్ళే. వినడమూ చదువే.

అసలీ పుస్తకం ఒక ఉపన్యాసం. 1936లో లాహోరుకు చెందిన జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు తమ సభకి అధ్యక్షత వహించమని అంబేడ్కర్ గారిని పిలిచారు. ఆయన రాసింది ముందుగా చూసి బెదిరారు. కొన్ని మాటలు తీసెయ్యమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సభే ఆగిపోయింది. సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. ఆ పెద్దమనుషులు వినడానికి జంకిన ఉపన్యాసాన్ని మన గూడెం నాలుగు శనివారాలు కూచుని వింది. ఇది చిన్న సంగతి కాదు.

మెట్ల సంగతి వచ్చినప్పుడు ఒక పెద్దమ్మ అడిగింది గుర్తుందా? "పై కులం మనల్ని తొక్కుతుందంటున్నారు, నిజమే. మరి ఆ పల్లెకీ ఈ పల్లెకీ పెళ్ళి సంబంధాలు ఎందుకు లేవు?" అని. కొందరు ఆ మాట ఇక్కడొద్దన్నారు. ఎందుకొద్దు? ప్రతి కులానికీ తన కింద ఒకరున్నారన్న తృప్తి ఉండబట్టే అందరూ కలిసి తిరగబడరని పుస్తకం చెప్తోంది గదా! ఆమె ప్రశ్నే ఈ నెల మనం సాధించిన ప్రగతి. మాల పల్లెలో ఒక శనివారం, మాదిగ పల్లెలో ఒక శనివారం కూచుని దాన్ని తేల్చుకోవాలి.

ఇక వచ్చే నెల ఏం చదవాలి? కుర్రాళ్ళు నవల కావాలంటున్నారు. చదువుదాం. కానీ ముందు చట్టం. కోతలప్పటి గొడవలో మనవాళ్ళు స్టేషన్‌కి పోతే ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. తర్వాత చూస్తే అది రాజీ కాగితం! ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరించారు. నోటితో చెప్పిన ఫిర్యాదుని అధికారి రాసుకుని, సంతకానికి ముందు చదివి వినిపించాలని 4వ సెక్షన్ చెప్తోంది. ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగి కావాలని ఆ విధి ఎగ్గొడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. చదువురాని మనిషికి ఇంతకన్నా పనికొచ్చే వాక్యం ఏ పుస్తకంలో ఉంది?

దాంతోపాటు బొజ్జా తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే' చదువుదాం. ఒక్క జాగ్రత్త. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి కొత్త చట్టాలొచ్చాయి, సెక్షన్ల నంబర్లు మారాయి. మన లా చదివే పిల్లలు కొత్త నంబర్లు పక్కన పెన్సిల్‌తో రాసిపెట్టాలి.

ఆపై నెల నుంచి కల్యాణరావు గారి 'అంటరాని వసంతం'. 2000లో వచ్చిన నవల. తరతరాల మన కథ, మన పాట, మన ఆట అందులో ఉన్నాయి. అది ఒక నెలలో అయ్యేది కాదు, వారానికి కొంచెం చదువుదాం. తొందరేం లేదు.

చివరగా రెండు పనులు. పుస్తకం చదువుకున్నవాళ్ళ బీరువాలో ఉండొద్దు, చదువురానివాళ్ళ ఇంట్లో ఉండాలి. చదివేవాడే ఆ ఇంటికి పోవాలి. రెండోది, వంటలయ్యాకే చదువు మొదలుపెట్టాలి, ఎనిమిదిన్నరకి. లేకపోతే ఆడవాళ్ళు రాలేరు. మగవాళ్ళు గిన్నెలు కడిగితే ఎనిమిదింటికే మొదలుపెట్టొచ్చు!

జై భీం!