నట్టు ఎక్కితే చాలదు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. నేను పాత విమానాల ఇంజన్లలోని నట్లు, బోల్టుల గురించి మాట్లాడతాను. నవ్వకండి. స్టోర్సు లెడ్జర్లు రాసినవారు మనలో చాలామంది ఉన్నారు. "అరంగుళం బోల్టులు, వంద" అని ఇండెంటు పంపితే విమానాల షెడ్డులో అది చెల్లదు. ఏ మర అని అడుగుతారు.

1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆంగ్లేయుడు మర పళ్ల కోణం 55 డిగ్రీలుండాలన్నాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 అన్నాడు. ఎవరి దేశంలో వారి మాటే చెల్లింది. అరంగుళం బోల్టుకు విట్‌వర్త్ లెక్కలో అంగుళానికి 12 చుట్లు, అమెరికా ముతక మరలో 13. ఒకదాని నట్టు రెండోదానికి పెడితే కాస్త తిరిగి పట్టేస్తుంది. ఒకందుకు అది మంచిదే, తేడా అక్కడే తెలుస్తుంది. 3/8 అంగుళానికి మాత్రం రెండింటిలోనూ 16 చుట్లే. నట్టు చాలాసార్లు ఎక్కేస్తుంది, బిగిసినట్టే ఉంటుంది, కాని పన్నుకు పన్ను సరిగా ఆనదు. గంటల తరబడి అదిరే ఇంజనులో దాన్నెలా నమ్మడం? నన్నడిగితే అసలు ప్రమాదం ఇదే.

1940లో రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజన్లు బ్రిటన్‌కు చాలక, డిట్రాయిట్‌లోని ప్యాకార్డ్ కార్ల కంపెనీకి కూడా ఆ పని అప్పగించారు. బ్రిటిషు మరలు కోసే పనిముట్లు అక్కడ దొరకవు. అమెరికా మరలకు మార్చేస్తే సులువే. మార్చలేదు. ట్యాపులు, గేజీలు తామే చేయించుకుని బ్రిటిషు మరలే కోశారు. అలా 55 వేలకు పైగా ఇంజన్లు తయారుచేశారు. ఎందుకంత శ్రమ? లాంకాస్టర్ బాంబర్లలో కొన్నింటికి ఇంగ్లండు మెర్లిన్లు, కొన్నింటికి ప్యాకార్డ్‌వి. వానలో రిపేరు చేసే మెకానిక్కు రెండింటికీ ఒకే పానా సరిపోవాలి. చీకటిపడితే ఏడుగురు మనుషులు ఆ విమానం ఎక్కాలి మరి! బర్మా యుద్ధంలో మన వైమానిక దళం నడిపిన హరికేన్లలోనూ మెర్లినే.

ఆ పానాలదీ ఒక తమాషా. బ్రిటిషు పానా మీది అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు మందం!

1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. దేశాలు ఒప్పుకున్నాయి కాని పాత ఇంజన్లు ఒప్పుకోవు కదా. ముస్టాంగ్ అమెరికా విమానం. దాని ఒంటికి అమెరికా మరలు, లోపలి ప్యాకార్డ్ మెర్లిన్‌కు బ్రిటిషు మరలు. నేటికీ ఎగిరే ముస్టాంగ్‌లను చూసుకునేవారు రెండు రకాల పానాలూ దగ్గరుంచుకోవలసిందే.

టీ సిద్ధమైందంటున్నారు. సెలవు.