అడగకుండా ఇచ్చిన అనుమతి

(మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభలో తేనెటీగల గొడవేమిటని మీరు అనుకోవచ్చు. మా అమ్మమ్మ ఇంటి మట్టిగోడ పగుల్లో చిన్న నల్ల ఈగలు ఉండేవి. కుట్టేవి కావు. పుల్లపుల్లగా ఉండే వాటి తేనెను అమ్మమ్మ పిల్లల దగ్గుకని దాచేది. గోడ పడగొట్టి సిమెంటుతో కట్టాక అవి పోయాయి. మేమెవరం పట్టించుకోలేదు.

మెక్సికోలో మాయా స్త్రీలు పట్టించుకున్నారు. కుట్టని తేనెటీగను వాళ్లు షునాన్ కాబ్ అంటారు. తొలిచిన దుంగల్లో పెట్టి పెరట్లోనే పెంచుతారు. వచ్చే తేనె కొంచెమే. కానీ అది ఇంటి మందు, ఆడవాళ్ల చేతికి సొంత డబ్బు. అడవి చెట్లు కాయాలన్నా ఈ ఈగలు పువ్వు పువ్వుకీ తిరగాలి.

2012లో అక్కడి ప్రభుత్వం ఏడు రాష్ట్రాల్లో జన్యుమార్పిడి సోయా వేయడానికి మోన్‌శాంటో కంపెనీకి అనుమతి ఇచ్చింది. ఊళ్లను అడగలేదు. సోయా కోసం అడవి కొడితే ఈగకు పువ్వూ ఉండదు, తొర్రా ఉండదు. ఆ పుప్పొడి తేనెలో కలిస్తే యూరప్‌లో కొనేవాళ్లు వెనకాడతారు.

కంపెచే రాష్ట్రంలో స్త్రీల తేనె సహకార సంఘంలో పనిచేసే లేదీ పెచ్ తోటివాళ్లను కూడగట్టి కోర్టుకెళ్లింది. మా నేల గురించి నిర్ణయించే ముందు మమ్మల్ని అడగాలన్నదే వాళ్ల వాదన. 2015 నవంబరులో సుప్రీంకోర్టు ఆ మాటే నిజమంది. 2017లో అనుమతి రద్దయింది. 2020లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. అయినా అక్కడ అడవి నరకడం ఆగిపోలేదు. పోరాటమూ ఆగలేదు.

మన సంగతేమిటి? 2006 అటవీ హక్కుల చట్టం తేనె, మైనం సేకరించి అమ్ముకునే హక్కు అడవి మీద బతికేవాళ్లకు ఇచ్చింది. గ్రామసభకు వచ్చినవాళ్లలో మూడోవంతు స్త్రీలుండాలని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. పుస్తకం ఇంటికి పంపి వేలిముద్రలు వేయించుకుంటే అది గ్రామసభ అవుతుందా?

ఊరికి వెళ్లాక రెండు పనులు చేద్దాం. ఈగల గూళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎక్కడ పోయాయో ముసలమ్మలను అడిగి రాసుకుందాం. తీర్మానం మనకు అర్థమయ్యేలా చదివి వినిపించేదాకా ఎవరమూ వేలిముద్ర వేయొద్దు.