ప్రేమ్ బజారులో విజయవాడ సూర్యోదయము



బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఖరగ్‌పూరులో తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. కొలువు వంగదేశమున నున్నను వారి ఇంట పంచాంగము తెలుగుదే. అచ్చటి ప్రేమ్ బజారులో ఒక తెలుగు యువకుడు పంచాంగము చూపు వెబ్ పుటను సిద్ధము చేయుచున్నాడనుకొందము. ఉగాది వంటి పండుగకు సూర్యోదయమున నున్న తిథియే ప్రమాణము. కనుక చూచువారు ఏ యూరిలో నున్నారో ఆ పుటకు తెలియవలెను.

తూర్పు రేఖాంశము ఖరగ్‌పూరునకు సుమారు 87.3 డిగ్రీలు, విజయవాడకు 80.6. గడియారము రెండుచోట్ల ఒకటే యైనను, డిగ్రీకి 4 నిమిషముల చొప్పున ఖరగ్‌పూరున సూర్యుడు సుమారు 27 నిమిషములు ముందుగా నుదయించును. అక్షాంశ భేదముచే ఋతువు ననుసరించి ఈ యంతరము కొంత హెచ్చును, తగ్గును. ఆ మధ్యకాలమున తిథి మారినచో, ప్రేమ్ బజారులోని తల్లికిని విజయవాడలోని కూతురికిని పండుగ వేర్వేరు దినములు కావచ్చును.

ఈ లెక్క సరిచూచుటకు ఆ యువకుడు రైలెక్కి విజయవాడ పోనక్కరలేదు. క్రోమ్ బ్రౌజరులో డెవలపర్ టూల్స్ తెరచి, సెన్సర్స్ అను భాగమున 16.51, 80.63 అను అక్షాంశ రేఖాంశములను వ్రాసి, పుటను మరల తెరచిన చాలును. ముంబై, లండను, టోక్యో వంటి నగరములు అందు ముందే పొందుపరచబడినవి. ఆ టూల్స్ మూసినచో కల్పిత స్థలము నిలువదు.

గోప్యతకును ఈ యుపాయము కొంత తోడ్పడును. వాతావరణము తెలుపుటకు ఊరి జాడ చాలును గాని ఇంటి గుమ్మము తెలియనక్కరలేదు గదా! అయితే దీనివలన ఐపి సంఖ్య మారదు. దానినిబట్టి ప్రాంతమును ఊహింపవచ్చును. కావున బ్రౌజరు అనుమతి కోరినప్పుడు, అవసరము లేనిచో నిరాకరించుటయే గృహస్థులకు సులభమార్గము.

ఒక హెచ్చరిక అవసరము. తన గుట్టు కాపాడుకొనుట వేరు, ఇతరులను వంచించుట వేరు. ఇంట నుండి కార్యాలయమున నున్నట్లు హాజరు వేయుట వంచనయే.

పరీక్ష ముగిసిన పిమ్మట ఆ యువకుడు కల్పిత స్థలమును తీసివేసి, ప్రేమ్ బజారు సూర్యోదయమునే తల్లికి చదివి వినిపించవలెను. ఆమె దీపము వెలిగించునది అచ్చటనే గదా!