నల్లగీత తిన్న బట్ట
(సర్వసభ్య సమావేశంలో మన సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



బట్టకు చిల్లు పడితే ఎవరి పగారులో కోత పడుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ చిల్లు ఎందుకు పడిందని అడిగేవారే తక్కువ. పాత బట్టల విషయంలో శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్న అడిగారు. వారు తెలుసుకున్నది మనకూ పనికొస్తుంది.

17, 18 శతాబ్దాలలో మచిలీపట్నం వంటి రేవుల నుంచి కలంకారీ బట్టలు ఓడలెక్కి యూరప్ చేరాయి. కొన్ని నేటికీ అక్కడి మ్యూజియాలలో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని చూస్తే ఒక వింత కనబడుతుంది. ఎర్రపువ్వు గట్టిగానే ఉంది. దాని చుట్టూ నల్లగీత గీసినచోట మాత్రం నూలు రాలిపోయి, గీత మేరకు చిల్లు పడింది.

ఒకే మగ్గం, ఒకే నూలు. తేడా రంగులో ఉంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి ఆ నల్లరంగు చేసేవారు. కరక్కాయ పట్టించిన బట్టపై దానితో గీస్తే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నలుపు తేలుతుంది. ఉతికినా పోదు. కాని ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుమే గాలి, తేమల తోడుతో నూలులోని సెల్యులోజును తునకలు చేస్తుంది. దీపపు మసితో చేసిన సిరా అలా కాదు. పోగు మీద కూర్చుంటుందే గాని పోగును తినదు.

బట్టను కత్తిరించకుండానే ఈ రెండింటినీ వేరు పట్టవచ్చు. ఎక్స్‌రే కిరణాలు ఇనుము ఉన్నదీ లేనిదీ చెబుతాయి. పరారుణ కెమెరాలో మసి సిరా నల్లగానే ఉంటుంది, ఇనుప సిరా వెలిసిపోయినట్లు కనబడుతుంది.

ఇక మన ఖాతాకు వద్దాం. యంత్రం నుంచి రాలిన ఇనుప రజను బట్టకు అంటుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ తొట్టిలోకి పోతే, అక్కడ వందల ఏళ్ల పని ఒక్క పూటలో జరుగుతుంది. రజను ఉన్నచోట చిల్లు పడుతుంది. నిరుడు ఒక షెడ్డులో టవళ్లకు చిల్లులు పడ్డాయని ముగ్గురు సాంచా కార్మికుల పగారు కోశారు. చిల్లుల అంచున తుప్పురంగు ఉందని మేము చూపించినా వినలేదు.

ప్రతి చిల్లుకూ ఇనుమే కారణమని మేము అనడం లేదు. మన చేతి పొరపాట్లూ ఉంటాయి. మేము కోరేది ఒక్కటే: కోతకు ముందు పరీక్ష జరగాలి. లాబొరేటరీలో ఆమ్లం, పొటాషియం ఫెర్రోసయనైడ్ చుక్కలు వేస్తే తుప్పు నీలంగా మారుతుంది. ఆ పరీక్ష మన ప్రతినిధి ఎదుట జరగాలి. చిల్లుపడ్డ ముక్కను పారేయకండి, తేదీ, సాంచా నంబరు రాసి సంఘం ఆఫీసుకు తీసుకురండి.

మూడు వందల ఏళ్ల నాటి చిల్లుకు కారణం వెదికారు. నిన్నటి చిల్లుకు వెదకలేరా?

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!